యాప్‌లో జిమ్ రీవ్స్ వేరు, మా డాడీ క్యాసెట్‌లో జిమ్ రీవ్స్ వేరు. ఎందుకు?

లాలాగూడ_లిల్లీ
మా డాడీ పోయి వచ్చే నెలకు ఏడాది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయనకు యేసు ప్రభువు తర్వాత జిమ్ రీవ్సే, ఆ అమెరికా కంట్రీ (పల్లెపాటల) గాయకుడు. మొన్న బీరువా సర్దుతుంటే ఆయన క్యాసెట్ దొరికింది. మీద నీలం పెన్నుతో "జిమ్" అని తప్ప ఇంకేం రాసి లేదు. నా చిన్నప్పుడు ఆదివారం అన్నాల దగ్గర ఇదే మోగేది. హీల్ హ్యావ్ టు గో, డిస్టెంట్ డ్రమ్స్, దిస్ వరల్డ్ ఈజ్ నాట్ మై హోమ్, ఇలా ఐదు పాటలున్నాయి. రెండో పక్క టేపు నలిగింది, పెట్టాలంటే భయం.

అవే పాటలు యాప్‌లో వింటే ఒక్కటీ కుదరడం లేదు. టేపులో గొంతు, గిటారు, అక్కడక్కడ టింగ్ టింగ్‌మని చిన్న చప్పుడు, అంతే. యాప్‌లో వెనకాల కోరస్. డిస్టెంట్ డ్రమ్స్‌లో అయితే బ్యాండుమేళం మొత్తం దిగింది. టేపులో ఒక పాట మధ్యలో రైలు కూత వస్తుంది, యాప్‌లో అదీ లేదు. ఇంతలా మార్చేస్తారా? నాకు టేపులో ఉన్నవే కావాలి. డాడీ జ్ఞాపకార్థ కూడికకు పెడదామని.

నెల్లూరు_కారందోశ
కూడికలో హీల్ హ్యావ్ టు గోనా? అర్థం ఎప్పుడైనా పట్టించుకున్నారా మేడం? వాడు బార్లో కూర్చోని అమ్మాయికి ఫోన్ చేస్తాడు. ఆమె పక్కన ఇంకోడున్నాడని వీడికి తెలుసు. వాణ్ణి పంపించెయ్ అని బతిమాలడమే పాట. పాస్టరు గారికి ఇంగ్లీషు రాకపోతే ఇబ్బంది లేదు.

లాలాగూడ_లిల్లీ
ఆయనకు బాగానే వచ్చండీ. కూడికలో దిస్ వరల్డ్ పెడతాం. ఈ బార్ పాట తర్వాత ఇంట్లో, బిర్యానీ దగ్గర.

వినైల్_విశ్వం
లిల్లీ గారూ, మీ చెవి తప్పు కాదు. కాస్త పొడుగు చెప్పాలి, ఓపిక పట్టండి.

జిమ్ రీవ్స్ 1964 జులై 31న పోయాడు. నలభై ఒకటో పుట్టినరోజుకు మూడు వారాల ముందు. కానీ ఆర్‌సీఏ కంపెనీ 1984 దాకా ఆయన "కొత్త" రికార్డులు తెస్తూనే ఉంది. ఇరవై ఏళ్లు! ఆయన తెగ పాడి దాచేవాడు. ఇతరుల కోసం పాడిన నమూనా టేపులు, విడుదల కానివి కుప్పలుగా ఉండేవి. భార్య మేరీ వాటిని ఒక్కొక్కటే బయటికి తీసింది. అప్పట్లో టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ స్టూడియోల్లో మూడు ట్రాకుల టేపు మీద రికార్డు చేసేవారు. గొంతు తనకంటూ ఒక ట్రాకులో ఉంటే దాన్ని ఉంచి మిగతావి తీసేసి, కొత్త వాద్యాలు ఎక్కించొచ్చు. ఓవర్‌డబ్ అంటే ఇదే. గిటారుతో పాడినదానికి పదేళ్ల తర్వాత వయొలిన్లు పుట్టుకొస్తాయి. యాప్‌లో అన్నీ కలిపి పారేశారు, ఏది ఎప్పటిదో తెలియదు.

ఇక హీల్ హ్యావ్ టు గో. 1959 అక్టోబరులో పాడాడు. నిర్మాత చెట్ అట్కిన్స్, పియానో ఫ్లాయిడ్ క్రేమర్. మీరు చెప్పిన టింగ్ టింగ్ ఉంది చూశారూ, అది వైబ్రాఫోన్. లోహపు పలకల మీద చిన్న సుత్తులతో కొడతారు. వాయించింది మార్విన్ హ్యూస్. అంటే మీ టేపు అసలు రికార్డుకు చాలా దగ్గర.

కానీ నాకు నిద్ర పట్టనివ్వని మాట వేరే అన్నారు. మీ టేపులో డిస్టెంట్ డ్రమ్స్‌కు బ్యాండు లేదా? నిజంగా? మళ్లీ విని చెప్పండి.

లాలాగూడ_లిల్లీ
లేదండీ. గిటారు, టింగ్ టింగ్. అంతే.

వినైల్_విశ్వం
నాకు చేతులు వణుకుతున్నాయి.

డిస్టెంట్ డ్రమ్స్ రాసింది సిండీ వాకర్, ఆమెదీ జిమ్‌లాగే టెక్సస్ రాష్ట్రమే. జిమ్ ఆ పాటను ఆమె కోసం ఊరికే పాడి ఇచ్చాడు, అమ్మకానికి కాదు. జనానికి ఎక్కదని కంపెనీ పక్కన పెట్టింది. ఆయన పోయాక ఆ టేపు తీసి ఆర్కెస్ట్రా కలిపి 1966లో వదిలారు. ఇంగ్లండులో అది ఐదు వారాలు నంబర్ వన్! బీటిల్స్ రాజ్యమేలుతున్న రోజుల్లో, రెండేళ్ల కిందట చనిపోయిన మనిషి. ఇప్పుడు లోకం వింటున్నది ఆ ఆర్కెస్ట్రా రూపమే. వాద్యాలు కలపని రూపం ఒక రైల్వే ఫిట్టరు గారి దగ్గరికి ఎలా వచ్చింది?

నెల్లూరు_కారందోశ
విశ్వం గారికి బీపీ మాత్ర వేయండ్రా ఎవరైనా.

అమీర్‌పేట_అరవింద్
ఒక డౌటు. ఈయన ఎవరు? ఇప్పుడే ఒక పాట విన్నా, నిద్రొచ్చింది. బీట్ ఎక్కడ?

కాజీపేట_కాక
తమ్ముడూ, నిద్ర రావాలెననే పాడిండు. మా నాయిన గూడ్స్ గార్డు. కాజీపేటల మా క్వార్టర్ల పక్కన ఆంగ్లో ఇండియన్లు ఉంటుండె. క్రిస్మస్ నెల పడితే ప్రతి ఇంట్ల ఈయన గొంతే. సిల్వర్ బెల్స్, మేరీస్ బాయ్ చైల్డ్. నాకు ఇంగ్లీష్ ముక్క రాకపోయేది, గని పాట మొత్తం వచ్చేది. రేడియో సిలోన్ పెడితే ఆడ గూడ ఈయనే. మాకు కంట్రీ మ్యూజిక్ అంటే ఏందో తెల్వది, క్రిస్మస్ మ్యూజిక్ అనుకునేటోళ్లం.

బిట్రగుంట_ఇంజిన్
కాక చెప్పింది అక్షరాలా నిజం. మా బిట్రగుంటలో లోకో షెడ్డు ఉన్నన్నాళ్లూ ఇదే తంతు. డ్రైవర్లలో సగం మంది ఆంగ్లో ఇండియన్లు. పదిహేను రోజుల ముందు నుంచే కేకుల వాసన, జిమ్ రీవ్స్. నేను ఫైర్‌మన్‌గా చేరిన కొత్తలో మా డ్రైవరు దొర ఫుట్‌ప్లేట్ మీద బొగ్గు పొగలో నిలబడి అడియోస్ అమీగో పాడేవాడు. బొగ్గు ఎత్తేది నేను, పాట ఆయనది.

సరిగమ_శారద
మన దగ్గరే కాదు. శ్రీలంక, నార్వే, దక్షిణాఫ్రికా, కెన్యా, నైజీరియా, ఎక్కడ చూసినా ఈయనకు ఇలాంటి వెర్రి అభిమానులే. నాకు తోచిన కారణం ఉచ్చారణ. పాటగాడు కాకముందు ఆయన రేడియో అనౌన్సరు. ప్రతి మాటా విడిగా, చివరి హల్లుతో సహా వినిపిస్తుంది. ఇంగ్లీషు మాతృభాష కాని వాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? మా పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను పి.బి.శ్రీనివాస్‌నీ, ఈయన్నీ వరసగా వినిపిస్తాను. ఇద్దరిదీ ఒకటే విద్య. సభకు పాడరు, చెవికి పాడతారు.

కాజీపేట_కాక
శారదమ్మా, పీబీఎస్ మాట కరెక్టు. గని ఘంటసాల అసుంటి గొంతు ముందల ఇద్దరూ గుసగుసలే.

సరిగమ_శారద
గుసగుస పాడటం కష్టం కాకా. అరిస్తే తప్పులు దాగుతాయి.

వినైల్_విశ్వం
ఆ గుసగుసకు కూడా ఒక తేదీ ఉంది. 1953లో మెక్సికన్ జో, తర్వాతి ఏడు బింబో, రెండూ గొంతెత్తి పాడినవే, హుషారు పాటలు. ఇప్పుడు వింటే అదే మనిషా అనిపిస్తుంది. 1957లో ఫోర్ వాల్స్ వచ్చింది. అది ఆడపిల్ల పాడాల్సిన పాట అని చెట్ అట్కిన్స్ మొదట అడ్డం చెప్పాడు. జిమ్ పట్టుబట్టి, పెదాలు మైకుకు తగిలేంత దగ్గరకు వచ్చి గొంతు దించి పాడాడు. అంత దగ్గరైతే ప, బ అక్షరాలకు గాలి మైకులో పేలుతుంది. ఇంజినీర్లకు గుబులు. ఆ రోజు నుంచి ఆయన మళ్లీ గొంతెత్తలేదు.

గిటారు_గిరి
అందుకే నాకు ఆయనంటే పడదు. కంట్రీ అంటే ఫిడేలు, స్టీల్ గిటారు, పల్లెటూరి యాస, కన్నీళ్లు, సారా. హ్యాంక్ విలియమ్స్ పాడితే గుండె పిండేస్తుంది. రీవ్స్ సూటు వేసుకుని, యాస తుడిచేసుకుని, వెనక కోరస్ పెట్టుకుని పట్నం వాళ్లకు అమ్మాడు. దానికి నాష్‌విల్ సౌండ్ అని పేరొకటి. పచ్చిమిరపకాయ పచ్చడిలో పంచదార వేసినట్టు.

సరిగమ_శారద
పంచదార వేయకపోతే ఆ హోటలే మూతపడేది గిరి గారూ. 1956లో రాక్ గాయకుడు ఎల్విస్ వచ్చాక కుర్రకారు అంతా అటు పోయింది. కంట్రీ రికార్డులు కొనేవాళ్లు లేరు. చెట్ అట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ లాంటి నిర్మాతలు ఫిడేలు తీసి పియానో పెట్టి పెద్దవాళ్లను పట్టుకున్నారు. హీల్ హ్యావ్ టు గో 1960లో కంట్రీ జాబితాలో 14 వారాలు మొదటి స్థానంలో ఉంది, పాప్ జాబితాలో రెండో స్థానం దాకా పోయింది. పైగా ఆయన పట్నం మనిషీ కాదు. టెక్సస్ తూర్పు మూల గాలొవే అనే చిన్న ఊళ్లో, 1923లో పుట్టాడు. నెలల పిల్లాడిగా ఉండగానే తండ్రి పోతే, తల్లి ఒక్కతే అంతమంది పిల్లల్ని సాకింది.

గిటారు_గిరి
పేదవాడు కాదన్లేదు. పేదవాడి గొంతుతో పాడలేదన్నా.

నెల్లూరు_కారందోశ
14 వారాలంటే 98 రోజులు. మన దగ్గర వంద రోజుల షీల్డుకి రెండు రోజులు తగ్గింది, పాపం.

బిట్రగుంట_ఇంజిన్
ఆయన మొదట బేస్‌బాల్ ఆటగాడంట కదా?

వినైల్_విశ్వం
అవును. సెయింట్ లూయిస్ కార్డినల్స్ వాళ్ల కింది జట్లలో పిచ్చరు, అంటే బంతి విసిరేవాడు. కాలి నరం దెబ్బతిని ఆట ఆగిపోయింది. తర్వాత రేడియో. లూసియానాలో ష్రీవ్‌పోర్ట్ స్టేషన్‌లో అనౌన్సరుగా ఉండగా అక్కడి లూసియానా హేరైడ్ కార్యక్రమంలో పాడే అవకాశం వచ్చింది. హ్యాంక్ విలియమ్స్ రాని రోజు ఆ ఖాళీలో పాడాడని ఒక కథ ఉంది. రాని గాయకుడి పేరు చెప్పేవాళ్లను బట్టి మారిపోతుంటుంది కాబట్టి నేను పట్టించుకోను.

గిటారు_గిరి
హ్యాంక్ రాకపోవడం మాత్రం నమ్మొచ్చు. తాగి పడిపోయిన రోజులు లెక్కలేదు.

డల్లాస్_దొరబాబు
ఈ చర్చ ఇప్పుడే చూశా. నేను కిందటేడు కార్తేజ్ వెళ్లాను. డల్లాస్ నుంచి తూర్పుకి మూడు గంటలు, ఇంకాస్త పోతే లూసియానా. అన్నీ పైన్ చెట్ల అడవులు. హైవే పక్కనే జిమ్ రీవ్స్ విగ్రహం, చేతిలో గిటారు, ముందర సమాధి. తన పాట ఒక్క కన్నీటిని తుడిచినా చాలు, అది వృథా పోనట్టే అనే అర్థంలో ఒక పద్యం చెక్కారు. పెంపుడు కుక్క షయెన్‌ని కూడా అక్కడే పాతిపెట్టారు. మా ఆవిడ ఆయన పాట ఒక్కటీ వినలేదు గానీ కుక్క దగ్గర నిలబడి ఏడ్చింది.

ఊళ్లో టెక్సస్ కంట్రీ సంగీతపు మ్యూజియం ఉంది. అక్కడి పెద్దాయన మేం ఇండియా అనగానే "మీ దేశం నుంచి చాలామంది ఆయన కోసమే వస్తారు" అన్నాడు. కౌబాయ్ టోపీ పెట్టుకుని గోంగూర అన్నం డబ్బా పట్టుకుని తిరిగింది నేనొక్కడినే కాదన్నమాట.

అమీర్‌పేట_అరవింద్
విమానం ఎలా కూలింది? నడిపింది వేరేవాళ్లా?

డల్లాస్_దొరబాబు
ఆయనే నడిపాడు. ఒంటి ఇంజిన్ బీచ్‌క్రాఫ్ట్. పాట పనే కాదు, స్థలం కొనుగోలు మీద ఆర్కన్సా వెళ్లి తిరిగి వస్తున్నాడు. పక్కన డీన్ మాన్యుయెల్, ఆయన బృందంలో పియానో వాయించేవాడు, మేనేజరు కూడా. నాష్‌విల్ పొలిమేరలో ఉరుముల వానలో చిక్కుకున్నారు. బ్రెంట్‌వుడ్ దగ్గర అడవిలో పడింది. రెండు రోజులు వెతికారు. చెట్ అట్కిన్స్, ఎడ్డీ ఆర్నాల్డ్ లాంటి సంగీతకారులే పొదలు తొలిచి వెతికారు. ఆగస్టు 2న దొరికారు.

సరిగమ_శారద
ఏడాదిన్నర ముందే, 1963 మార్చి 5న, కంట్రీ గాయని ప్యాట్సీ క్లైన్ కూడా ఇలాగే, టెన్నెసీలోనే, చిన్న విమానంలో, చెడ్డ వాతావరణంలో. చూసి కూడా నేర్చుకోలేదా అనిపిస్తుంది.

వినైల్_విశ్వం
వాళ్లిద్దరినీ చనిపోయాక కలిపి పాడించారు, అది తెలుసా? బతికుండగా ఇద్దరూ కలిసి ఒక్క పాటా రికార్డు చేయలేదు. 1981లో ఇద్దరి గొంతులు రెండు కంపెనీల పాత టేపుల్లోంచి విడదీసి, శ్రుతీ కాలమూ సరిచేసి, కొత్త వాద్యాలతో యుగళగీతం చేశారు. హ్యావ్ యు ఎవర్ బీన్ లోన్లీ. కంట్రీ జాబితాలో మొదటి ఐదింట్లోకి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు డెబొరా అలెన్ అనే అమ్మాయి చేత ఆయన పాత గొంతు పక్కన పాడించారు, అవీ ఆడాయి.

కామేశం_కాపీరైట్
ఇదీ నాకు కావాల్సిన చోటు. బాలు గారి గొంతును ఏఐతో పుట్టించారని 2024లో వాళ్లబ్బాయి చరణ్ ఒక తెలుగు సినిమా వాళ్లకు లీగల్ నోటీసు పంపారు, గుర్తుందా? చనిపోయిన గొంతు ఎవరిది? అమెరికా వాళ్లు ఆ పని 1966లోనే చేశారన్నమాట.

వినైల్_విశ్వం
రెండూ ఒకటి కాదు సార్. రీవ్స్ విషయంలో ప్రతి మాటా ఆయన నోటితో పాడినదే. కలిపింది వాద్యం.

కామేశం_కాపీరైట్
ఎవరి పక్కన పాడాలో ఆయన ఒప్పుకున్నాడా? వయొలిన్లు కావాలన్నాడా? అమ్మకానికి కాదని పాడిన డిస్టెంట్ డ్రమ్స్‌ని అమ్మారు. మీరే చెప్పారు.

సరిగమ_శారద
మేరీ కోణంలో చూడండి. పిల్లలు లేరు. నలభై ఏళ్లకే భర్త పోయాడు. ఆమె ఆ టేపులు బీరువాలో పెట్టి తాళం వేస్తే ఈరోజు కాజీపేట కాకకు జిమ్ రీవ్స్ తెలిసేవాడా? ఆమె 1999లో పోయేదాకా ఆ పేరు నిలబడిందంటే ఆమె చలవే.

కామేశం_కాపీరైట్
నిలబెట్టడం వేరు, నిలబడ్డవాడికి రోజుకో చొక్కా మార్చడం వేరు మేడం.

గిటారు_గిరి
కామేశం గారితో మొదటిసారి ఏకీభవిస్తున్నా. తేదీ రాసిపెట్టుకోండి.

కాజీపేట_కాక
మాకు టేప్ మోగిందా, మోగలేదా అదే ముచ్చట. వయొలిన్లు ఎవరు లెక్కబెట్టిర్రు.

నెల్లూరు_కారందోశ
పక్కదారి: హీల్ హ్యావ్ టు గో హిట్టయ్యాక అదే ఏడాది జీన్ బ్లాక్ అనే ఆవిడ ఆ అమ్మాయి తరఫున జవాబు పాట పాడింది, హీల్ హ్యావ్ టు స్టే అని. ఈయన పోడు, ఇక్కడే ఉంటాడు, నువ్వే పెట్టేయ్ ఫోను అన్నట్టు. అదీ హిట్టే! మన జానపదంలో మరదలు జవాబిచ్చినట్టు.

సరిగమ_శారద
అసలు పాట పుట్టింది కూడా ఫోన్లోనే. రాసినవాళ్లు జో ఆలిసన్, ఆడ్రీ ఆలిసన్ దంపతులు. ఆవిడ గొంతు మరీ మెల్లగా ఉండేదట, ఫోనుకు దగ్గరగా మాట్లాడమని ఆయన అంటుండేవాడట.

గిటారు_గిరి
ఇంతమంది పొగుడుతున్నారు కాబట్టి ఒకటి అడుగుతా. 1962లో దక్షిణాఫ్రికా వెళ్లాడు, తర్వాత అక్కడే సినిమాలో హీరో వేషం వేశాడు, ఆఫ్రికాన్స్ భాషలో కూడా పాడాడు. అప్పుడక్కడ నల్లవాళ్లను వేరు పెట్టి పాలిస్తున్నారు. జెంటిల్‌మన్ జిమ్ అనే బిరుదు ఉన్నాయన దాని గురించి ఒక్క మాటన్నాడా?

డల్లాస్_దొరబాబు
న్యాయమైన ప్రశ్నే. ఆయన రాజకీయం జోలికి పోయే రకం కాదు. ఆ జెంటిల్‌మన్ అనేది కూడా రికార్డు అట్ట మీది మాట. జీవిత చరిత్రల్లో ముక్కోపి అనే రాశారు.

కాజీపేట_కాక
ఆఫ్రికల నల్లోళ్లు గూడ ఆయన పాటలు గంతే ఇష్టంగ ఇన్నరు గద గిరీ. పాటకు పాస్‌పోర్ట్ అడుగుతవా?

గిటారు_గిరి
పాటను అడగను కాకా. పాడినవాణ్ణి అడుగుతా.

సరిగమ_శారద
అసలు ప్రశ్నను మనం మర్చిపోయాం. విశ్వం గారూ, నాకో అనుమానం. హీల్ హ్యావ్ టు గో 1959 అసలు రికార్డులోనే కోరస్ ఉంది. ఆనిటా కెర్ బృందం. తర్వాత కలిపింది కాదు. లిల్లీ టేపులో కోరస్ లేదంటోంది. ఎలా?

వినైల్_విశ్వం
టేపు అరిగి ఉంటుంది. కోరస్ సన్నగా ఉంటుంది కదా, ముందు పోయేది అదే. వైబ్రాఫోన్ వినిపిస్తోందంటున్నారుగా. అది చాలు నాకు.

సరిగమ_శారద
కోరస్ పోయి వైబ్రాఫోన్ మిగలడం ఏం అరుగుదలండీ? లిల్లీ, ఒక నిమిషం ముక్క ఎక్కించమ్మా.

లాలాగూడ_లిల్లీ
ఫోను టేప్‌రికార్డర్ పక్కన పెట్టి తీశాను. గరగరలాడుతుంది, తిట్టుకోకండి. డిస్టెంట్ డ్రమ్స్‌లో కూత వచ్చే ముక్క, హీల్ హ్యావ్ టు గో మొదటి చరణం.

వినైల్_విశ్వం
విన్నాను. గొంతు ఆయనదే! కాస్త వయసులో చిన్నగా ఉంది, అంటే తొలినాటి నమూనా. కూత అంటారా, ఆ రోజుల్లో రైలు పాటలు ఎక్కువ, సరదాకి పెట్టి ఉంటారు. చిన్నప్పుడు జిమ్‌కు ఆదర్శం జిమ్మీ రోడ్జర్స్ అనే గాయకుడు, ఆయన మొదట రైల్వే ఉద్యోగి. లిల్లీ గారూ, ఆ క్యాసెట్ దయచేసి ఎవరికీ ఇవ్వకండి. జర్మనీలో బేర్ ఫ్యామిలీ అనే కంపెనీ 1994లో ఆయనవి 16 సీడీల పెట్టె తెచ్చింది, వాద్యాలు కలపని రూపాలు వెతికి మరీ. వాళ్లకు రాద్దాం.

సరిగమ_శారద
నేను నాలుగుసార్లు విన్నా. చరణం చివర రీవ్స్ బావిలోకి దిగినట్టు మంద్రంలోకి వెళ్తాడు, ఆ పాటకు ప్రాణం ఆ స్వరం. ఈయనకు అది అందలేదు, ఒక స్థాయి పైకి తీసేశాడు. చక్కగా తీశాడు, కానీ తీశాడు.

వినైల్_విశ్వం
ఆరోజు జలుబు చేసి ఉండొచ్చు.

బిట్రగుంట_ఇంజిన్
ఇప్పుడే మనవడి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నా. పాట సంగతి నాకు తెలియదు. ఆ కూత సంగతి తెలుసు. అది డబ్ల్యూపీ, మన రైల్వే ఆవిరి ఇంజిన్. మొదట సన్నగా లేచి తర్వాత నిండుగా నిలబడుతుంది. ఏళ్ల తరబడి ఆ తాడు లాగినవాణ్ణి, నిద్రలో లేపి అడిగినా చెప్తా. విశ్వం గారూ, నాష్‌విల్‌లో మన డబ్ల్యూపీ ఇంజిన్ ఎక్కడిదండీ?

నెల్లూరు_కారందోశ
అబ్బయ్యా!

కాజీపేట_కాక
అగో. అయిపాయె.

అమీర్‌పేట_అరవింద్
ఈ థ్రెడ్‌కి సినిమా హక్కులు ఎవరివి కామేశం గారూ?

వినైల్_విశ్వం
ఒక్క నిమిషం. కూత తర్వాత ఎవరైనా దాని మీద మళ్లీ రికార్డు చేసి ఉండొచ్చు కదా.

కామేశం_కాపీరైట్
దాన్నే ఓవర్‌డబ్ అంటారని తమరే సెలవిచ్చారు.

లాలాగూడ_లిల్లీ
అమ్మకు ముక్క వినిపించాను. ఇప్పటిదాకా అమ్మను అడగాలని నాకు తట్టనే లేదు, క్యాసెట్ డాడీది కదా అని. రెండు లైన్లకే నవ్వేసింది.

అది జిమ్ రీవ్స్ కాదట. డాడీ వర్క్‌షాపులో ఒక ఆంగ్లో ఇండియన్ చార్జిమన్ ఉండేవారు, తర్వాత ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. షాపులో అందరూ ఆయన్ను "జిమ్" అనే పిలిచేవాళ్లట, ఈ పాటలు పాడతాడని. అసలు పేరు అమ్మకూ గుర్తు లేదు. ఆయన వెళ్లిపోయే ముందు క్రిస్మస్‌కు మా క్వార్టర్‌లో భోజనానికి వచ్చి గిటారుతో పాడితే, పక్కింటివాళ్ల టేప్‌రికార్డర్ తెచ్చి పట్టుకున్నారట. ఇంటి వెనకాలే లైను. కూత అందుకే.

టింగ్ టింగ్ మా డాడీ. స్టీలు గ్లాసు మీద చెంచా.

బిట్రగుంట_ఇంజిన్
తాళం తప్పలేదమ్మా. ఇంకోసారి విన్నా. కూత వచ్చినప్పుడు ఆపి, అది అయ్యాక అందుకున్నారు.

సరిగమ_శారద
అవును, కూత దగ్గర ఇద్దరూ ఆగారు. నేను టేపు జారిందనుకున్నా.

గిటారు_గిరి
ఆ గిటారు బాగుంది. ఫిడేళ్లు లేవు, కోరస్ లేదు, సూటు లేదు. ఈ జిమ్‌ని నేను వింటా.

డల్లాస్_దొరబాబు
లిల్లీ గారూ, బిర్యానీ దగ్గర ఇదే పెట్టండి. యాప్ వద్దు.

లాలాగూడ_లిల్లీ
అమ్మ కూడా అదే అంది. దిస్ వరల్డ్ కూడా ఈ టేపులోదే పెట్టమంది. పాస్టరు గారికి గరగర గురించి ముందే చెప్పాలి. రెండో పక్క గురించి అడిగితే "అందులో నేనూ ఉన్నా, పెట్టకు" అంటోంది. నలిగిన టేపు బాగుచేసేవాళ్లు సికింద్రాబాద్‌లో ఎవరైనా ఉన్నారా?

కాజీపేట_కాక
నువ్వే చేసుకోవచ్చు బిడ్డా. మరలు ఇప్పి, నలిగిన కాడ చేత్తోని మెల్లగ సదును చేసి, పెన్సిల్‌తోని చుట్టు. ప్లేయర్ల పెట్టెటప్పుడు మొదాలు ఫాస్ట్ ఫార్వర్డ్ జెయ్యకు, తెగుతది.

వినైల్_విశ్వం
పెన్సిల్‌తో వద్దు, నాకు పంపండి, నేను చేసి పెడతాను. పోస్టు ఖర్చులు నావి. రెండో పక్కలో వైబ్రాఫోన్ ఎక్కువ ఉంటే చెప్పండి.